పోరుమామిళ్ల చెఱువు – తచ్ఛాసన విచారము

కడప మండలమున బద్వేలునకు ఉత్తరముగా నున్న పోరుమామిళ్ల కృషి జీవనాధారముగాఁ గల చిన్నయూరు. అది రాజధానిగాఁ బేరువడసినది కాదు. మహాదుర్గము గలది కాదు. అయినను మన పూర్వుల జలవిజ్ఞానమును విచారింపఁ గోరువారు దానిని విడిచి ముందునకుఁ బోఁజాలరు. అచ్చటి చెఱువును, శిథిలమైన భైరవాలయము ముందఱ నిలిపిన సంస్కృతశాసనమును ఇందులకుఁ గారణములు.

శాసనకాలము శా. శ. 1291 సౌమ్య సంవత్సరము, అనఁగా క్రీ. శ. 1369. ప్రథమ బుక్కరాయల కుమారుఁడై ఉదయగిరినుండి రాజ్యమేలిన భాస్కరుఁడు, నామాంతరమున భవదూరుఁడు, ఈ చెఱువును గట్టించెను. దీనికి అనంతరాజసాగరమని పేరు. శాసనమును సుక్థంకరు పండితుఁడు ఎపిగ్రాఫియా ఇండికా 14వ సంపుటమునఁ బరిష్కరించి ప్రకటించెను.

దానశాసనములు సాధారణముగా వంశమును, దానమును, ఫలశ్రుతిని జెప్పి విరమించును. ఇది యట్లు గాక తటాకలక్షణమును జెప్పుచున్నది. మంచి చెఱువునకు సాధనములు పండ్రెండు: ధర్మపరుఁడును సంపన్నుఁడును నగు ప్రభువు, పాథశ్శాస్త్రము నెఱిఁగిన విప్రుఁడు, గట్టిమన్నుగల నేల, మూఁడు యోజనములనుండి తీయనినీరు దెచ్చు నది, చెఱువు నానుకొనిన కొండభాగములు, వాని నడుమ ఱాతితో దృఢముగాఁ గట్టిన, మిక్కిలి పొడవు గాని కట్ట, పండుభూమికి వెలిగా నుండు రెండు కొనలు, విశాలమును లోఁతును నగు గర్భము, నిడుపైన తిన్నని ఱాళ్లు గల గని, చేరువను సమతలమగు సారభూమి, కొండ యునికిచే సుడులు దిరుగు నీటిదారి, నేర్పరులగు పనివారు. పాథస్సనఁగా జలము, అమరసింహుఁడు దానిని జలపర్యాయములలోఁ జేర్చినాఁడు. కావున పాథశ్శాస్త్రము జలశాస్త్రమే. దాని నెఱిఁగినవానిని ప్రభువు వెనువెంటనే పేర్కొనుట గమనింపఁదగినది.

దోషము లాఱు: కట్ట చెమ్మగిల్లి నీరు కాఱుట, చవుటినేల, రెండు రాజ్యముల పొలిమేర, గర్భమధ్యమున మెట్ట, నీరు కొంచెము, పాఱవలసిన నేల విస్తారము, నేల కొంచెము, నీరు విస్తారము.

పనినిగూర్చియు శాసనము మాటాడుచున్నది. దినమునకు వేయిమంది కూలివారును నూఱు బండ్లును రెండేండ్లు పనిచేసిరఁట. ధనధాన్యవ్యయమునకు మాత్రము లెక్క చెప్పక, అది మేరలేనిదనుచున్నది.

కట్ట కొలఁత యిట్లున్నది: పొడవు 5000 రేఖాదండములు, వెడల్పు 8, ఎత్తు 7. ఇరువదవ శతాబ్ది యారంభమున గుర్తించిన స్థితి యిది: నాలుగు కొండలను మూఁడు మట్టికట్టలు కలుపుచున్నవి, మట్టికట్టల మొత్తము సుమారు 4500 అడుగులు, కొండలతోఁ గూడ సుమారు 14000 అడుగులు. మట్టికట్టలనే శాసనము కొలిచెనన్నచో దండము అడుగునకుఁ దక్కువయగును. దండమునకు అంత హ్రస్వప్రమాణము ఎక్కడను జెల్లదు. కావున కొండలనుగూడఁ గట్టలో భాగముగా నెంచియే కొలిచిరని నా నిశ్చయము. అట్లయిన, కట్ట మిక్కిలి పొడవు గారాదను సాధనమునకును ఈ కొలఁతకును విరోధము లేదు. మనుష్యుఁడు గట్టినది స్వల్పమే, తక్కినది పర్వతదత్తము. స్థలమెన్నుటయే శాస్త్రజ్ఞుని ప్రధానకార్యమని దీనివలనఁ దెలియుచున్నది.

రాయలసీమ కఱవులకు ఆకాశమే కారణమని లోకులందురు. వానలు తక్కువయగుట నిజమే. 1876–78 నాఁటి మహాక్షామము ఈ సీమ నెంత బాధించెనో చరిత్ర చెప్పుచున్నది. కాని శాసనమందలి కడపటి రెండు దోషములు వాననుగూర్చినవి గావు. నీటికిని నేలకును గల పొత్తునుగూర్చినవి. ఉన్న నీటి ననుసరించి నేలను నిర్ణయింపుమని తాత్పర్యము. పొలిమేర దోషమో, నదీజలములకై రాష్ట్రములు వివాదపడు ఈ కాలమున వ్యాఖ్య యక్కఱలేకయే బోధపడును.

సప్తసంతానములలోఁ దటాకమును జేర్చిన పెద్దలు దానిని సంతానమనిరి. అనఁగాఁ గనినంతనే పని తీఱదు, పెంచవలయును. ఆఱువందల యేండ్లకుఁ బైబడియు నిలిచిన యీ చెఱువునకుఁ బూడికతీఁత, కట్టరక్షణ మొదలగు పోషణ యెడతెగక జరుగవలసియున్నది. సమీపపాఠశాలల పండితులు విద్యార్థులను దోడ్కొనిపోయి, ముందు శిలను జదివించి, పిదపఁ గట్టపై నడిపించి, పండ్రెండు సాధనములను వారిచేతనే యెన్నించుదురుగాక. శాసనము చెప్పినదానికిఁ జెఱువే సాక్షి.