ఆత్మసాక్షి ప్రమాణం

దేవుడి పేరెత్తకుండా, అంతరాత్మనే సాక్షిగా పెట్టుకుని నిజం చెబుతానని, మాట తప్పనని చేసే ప్రమాణం. దైవభీతి లేనివాడికి నీతి ఉంటుందా అన్న పాత సందేహానికి మన దేశంలో చట్టపరంగా జవాబు దొరికింది దీనిలోనే.

చట్టం నడిచిన దారి

తెలుగు పల్లెల్లో తగవు తేలకపోతే గుడిలో కర్పూరం ఆర్పించి ప్రమాణం చేయించేవారు. ఈస్టిండియా కంపెనీ కోర్టుల్లో హిందువులు గంగాజలం మీద, ముస్లింలు ఖురాన్ మీద ప్రమాణం చేసేవారు. 1840 చట్టం ఆ పద్ధతిని తీసేసినా, వాక్యంలో దేవుణ్ణి ఉంచింది. ఇంగ్లండులో నాస్తికుడైన చార్లెస్ బ్రాడ్లా 1880లో పార్లమెంటు ఎన్నికల్లో గెలిచినా, ప్రమాణం పేచీ వల్ల 1886 దాకా సభలో స్థిరంగా కూర్చోలేకపోయాడు.

1949 అక్టోబరు 17న రాజ్యాంగ పీఠికను దేవుడి పేరుతో మొదలుపెట్టాలని హెచ్.వి. కామత్ ప్రతిపాదిస్తే 41–68 ఓట్లతో వీగిపోయింది. పదవీ ప్రమాణాలకు మాత్రం దేవుడి పేరున, ఆత్మసాక్షిగా అన్న రెండు దారులూ రాజ్యాంగం తెరిచింది. 1969 ప్రమాణాల చట్టమూ అంతే. పన్నెండేళ్ల లోపు సాక్షికి ప్రమాణమంటే ఏమిటో తెలియకపోయినా, నిజం చెప్పాలన్న బాధ్యత తెలిస్తే చాలు, ప్రమాణం లేకుండానే సాక్ష్యం తీసుకోవచ్చు. దేవుడి పేరున చెప్పినా, ఆత్మసాక్షిగా చెప్పినా అబద్ధపు సాక్ష్యానికి శిక్ష ఒకటే.

గోరా, గాంధీ

వృక్షశాస్త్ర అధ్యాపకుడు గోపరాజు రామచంద్రరావు (గోరా, 1902–1975) నాస్తికత్వం వల్ల ఉద్యోగం పోగొట్టుకున్నారు. 1940లో కృష్ణా జిల్లా ముదునూరులో నాస్తిక కేంద్రం స్థాపించారు. 1947లో అది విజయవాడ పటమటకు మారింది. 1944లో సేవాగ్రామంలో ఆయన గాంధీని కలిశారు. దేవుడే సత్యమన్న తన మాటను గాంధీ అప్పటికే సత్యమే దేవుడని తిప్పి చెప్పి ఉన్నారు. నాస్తికత్వం అంటరానితనాన్ని తుడిచే ఆచరణ అని గోరా వాదన. గోరా తన కూతురు మనోరమను దళిత యువకుడు అర్జునరావుకిచ్చి చేయదలచినప్పుడు, పెళ్లి ప్రమాణంలో దేవుడికి బదులు సత్యం పేరు పెట్టడానికి గాంధీ ఒప్పుకున్నారు. ఆయన హత్య తర్వాత, 1948 మార్చి 13న ఆ పెళ్లి సేవాగ్రామంలోనే జరిగింది. నీతికి ఆధారం నమ్మకం కాదు, నడవడి అని తెలుగువారికి అంత దగ్గరగా చూపిన ఘట్టం అరుదు.

దుండిగల్‌లో

హైదరాబాద్ ఉత్తర శివార్లలోని దుండిగల్ వైమానిక దళ అకాడమీలో శిక్షణ ముగించిన యువతీయువకులు కవాతు మైదానంలో దేవుడి పేరునో, ఆత్మసాక్షిగానో రాజ్యాంగానికి విధేయత ప్రకటిస్తారు. నేల, నీరు, గాలి ఏ దారిన పంపినా వెళతామని, ప్రాణం మీదికి వచ్చినా ఆజ్ఞ పాటిస్తామని పలుకుతారు. వారు తలవంచే ఆ రాజ్యాంగం ఆస్తికుడి మాటనూ నాస్తికుడి మాటనూ ఒకే తూకంతో తూచింది. ఆపదలో తోటివారు చూసేదీ ఆ మాట నిలిచిందా లేదా అన్నదే.