వరద హెచ్చరికలను చదవవలసిన తీరు: కొత్తగూడెం, పాల్వంచ, భద్రాచలం ప్రాంతాల ఆధార సమాచారం

కొత్తగూడెం: వర్షాకాలంలో భద్రాద్రి కొత్తగూడెం జిల్లా నుండి వెలువడే వార్తలలో ఒక అంకె పూటపూటకూ కనిపిస్తుంది. అది భద్రాచలం వద్ద గోదావరి నీటిమట్టం. ఆ అంకెను బట్టియే తీర గ్రామాలను ఖాళీ చేయిస్తారు, బస్సులను నిలిపివేస్తారు, పాఠశాలలను పునరావాస కేంద్రాలుగా మారుస్తారు. అయితే ఈ జిల్లాలో జనావాసాలకు ముప్పు తెచ్చేది గోదావరి ఒక్కటే కాదు. పాల్వంచ సమీపంలో కిన్నెరసాని, కొత్తగూడెం పట్టణాన్ని ఒరుసుకొని ప్రవహించే ముర్రేడు వాగు వేరువేరు వేళల్లో, వేరువేరు వేగాలతో పొంగుతాయి. ఏ నీటిని గురించి చెబుతున్నదీ, ఆ అంకె ఏ కొలత ప్రకారం చెప్పినదీ స్పష్టం చేయని వార్త ఒక ఊరిలో అనవసరమైన భయాన్ని, మరొక ఊరిలో అంతకంటె ప్రమాదకరమైన నిశ్చింతను కలిగిస్తుంది. ఈ విషయమై పాత్రికేయులకు, క్షేత్రస్థాయి అధికారులకు అవసరమైన సమాచారం ఇక్కడ పొందుపరచడమైనది.

ముందుగా ఊరిపేర్ల విషయం. బయటి ప్రాంతాల నుండి వచ్చే విలేకరులు, సహాయక బృందాలు తరచు పొరబడేది ఇక్కడే. భద్రాచలం రోడ్ రైల్వే స్టేషన్ భద్రాచలంలో లేదు, కొత్తగూడెంలో ఉన్నది. అక్కడి నుండి గోదావరి తీరానికి సుమారు 40 కిలోమీటర్ల రోడ్డు ప్రయాణం. కొత్తగూడెం థర్మల్ విద్యుత్ కేంద్రం ఉన్నది పాల్వంచలో. 2016 అక్టోబరు 11న పూర్వపు ఖమ్మం జిల్లా నుండి విడివడిన ఈ జిల్లాకు కేంద్రం కొత్తగూడెం కాగా, జిల్లా పేరులోని ‘భద్రాద్రి’ నది ఆవలి ఒడ్డున ఉన్నది. ‘కొత్తగూడెంలో గోదావరి ఉగ్రరూపం’ అనే శీర్షిక చదివిన దూరప్రాంత బంధువులు సింగరేణి కాలనీలలోని తమవారి క్షేమం కోసం ఆందోళన చెందడం సహజమే. నిజానికి గోదావరి నీరు కొత్తగూడెం పట్టణానికి రాదు.

మూడు ప్రమాద హెచ్చరికలు

భద్రాచలం వద్ద గోదావరి నీటిమట్టం 43 అడుగులకు చేరినపుడు మొదటి ప్రమాద హెచ్చరికను, 48 అడుగులకు రెండవ హెచ్చరికను, 53 అడుగులకు మూడవ హెచ్చరికను జారీ చేస్తారు. మొదటి హెచ్చరిక నాటికి స్నానఘట్టాల మెట్లు, కళ్యాణకట్ట పరిసరాలు నీట మునుగుతాయి. నదిలో స్నానాలు, నాటుపడవల రాకపోకలు నిషేధిస్తారు. రెండవ హెచ్చరికతో దుమ్ముగూడెం, చర్ల వైపు వెళ్ళే రహదారిపై తూరుబాక మొదలైన పల్లపు చోట్ల నీరు చేరి రాకపోకలు దెబ్బతింటాయి, లోతట్టు కాలనీలవారిని తరలించడం మొదలవుతుంది. మూడవ హెచ్చరిక వెలువడిన తరువాత తరలింపు గ్రామాల వారీగా సాగుతుంది. బూర్గంపాడు, అశ్వాపురం, మణుగూరు, పినపాక తదితర మండలాల తీర గ్రామాలన్నిటికీ అది వర్తిస్తుంది.

నీరు తగ్గుముఖం పట్టినపుడు ఇవే మట్టాల వద్ద హెచ్చరికలను వరుసగా ఉపసంహరిస్తారు. ఈ ఉపసంహరణను ‘ముప్పు తొలగినది’ అని వ్రాయడం సరికాదు. హెచ్చరిక ఎత్తివేయడం నది మట్టానికి సంబంధించిన ప్రకటన మాత్రమే. నానిన మట్టి గోడలు నీరు తీసిన తరువాతనే కూలుతాయి. బావులు, చేతిపంపుల నీరు క్లోరినేషన్ జరిగేవరకు త్రాగడానికి పనికిరాదు. విద్యుత్ సరఫరాను తనిఖీ చేసి పునరుద్ధరించవలసి ఉంటుంది. పాముకాట్లు కూడా ఈ రోజులలోనే ఎక్కువ. ఇళ్ళకు తిరిగి వెళ్ళవచ్చునని స్థానిక అధికారులు చెప్పేవరకు పునరావాస కేంద్రాలలోనే ఉండవలెనని ప్రజలకు తెలియజేయడం హెచ్చరికను ప్రకటించడమంత ముఖ్యం.

భద్రాచలం పట్టణం విషయంలో మరొక విశేషం కలదు. పట్టణాన్ని గోదావరి నుండి కాపాడేది కరకట్ట. నది మట్టం పెరిగినపుడు కరకట్ట తూములను మూసివేస్తారు. అప్పుడు ఊరిలో కురిసిన వాన నీటికి బయటకు దారి ఉండదు. దానిని మోటార్ల ద్వారా నదిలోకి ఎత్తిపోయవలసినదే. ఆలయ పరిసరాలలోను, విస్తా కాంప్లెక్స్ ప్రాంతంలోను నీరు నిలిచినదన్న వార్త వచ్చినప్పుడల్లా ‘కరకట్టకు గండి’ అన్న పుకారు పుడుతుంది. చాలా సందర్భాలలో అది మోటార్లకు అందని వాన నీరు, తూముల నుండి ఊరిన నీరు. ఈ తేడాను ఇంజనీరింగ్ అధికారుల ద్వారా నిర్ధారించుకొనకుండా వార్త పంపరాదు.

అడుగులు, మీటర్లు

రాష్ట్ర అధికారులు అడుగులలో చెబుతారు. కేంద్ర జలసంఘం మీటర్లలో చెబుతుంది. ఇది కేవలం మార్పిడి లెక్క అయితే చిక్కులేదు. కాని రెండు కొలతలకు సున్నా వేరు. భద్రాచలంలో చెప్పే 43 అడుగులు అక్కడి కొలబద్దపై లెక్క. జలసంఘం చెప్పే మట్టం సముద్రమట్టం నుండి లెక్క. జలసంఘం వారి హెచ్చరిక మట్టం 45.72 మీటర్లు, అనగా 150 అడుగులు. ప్రమాద మట్టం 48.77 మీటర్లు, అనగా 160 అడుగులు. ఇవి వరుసగా స్థానికంగా చెప్పే 43, 53 అడుగులతో సమానం. రెండు లెక్కల మధ్య భేదం 107 అడుగులు. జలసంఘం పట్టికలో రాష్ట్రపు రెండవ హెచ్చరికకు ప్రత్యేక స్థానం లేదు. అందువల్ల జలసంఘం ‘ప్రమాద మట్టం’ అన్న రోజున ఇక్కడ మూడవ హెచ్చరిక అమలులో ఉంటుంది.

ఇంకొక చిక్కు. పోలవరం ప్రాజెక్టు పూర్తిస్థాయి నీటిమట్టం కూడా 45.72 మీటర్లే. ఒకే అంకె రెండు చోట్ల రావడంతో ఒకదానికి చెందిన వాక్యం మరొకదానికి అతికిన సందర్భాలు ఉన్నవి. ఇక ధవళేశ్వరం బ్యారేజీ వద్ద మూడు హెచ్చరికలు 11.75, 13.75, 17.75 అడుగులకు జారీ అవుతాయి. అక్కడి 17 అడుగులు ఇక్కడి 43 అడుగుల కంటె తక్కువ వరద అని భావించరాదు. అది వేరొక కొలబద్ద.

గత వరదలు

నమోదైన వరదలలో గరిష్ఠమైనది 1986 ఆగస్టు 16 నాటిది. ఆనాడు నీటిమట్టం 75.6 అడుగులకు చేరినది. 1990 ఆగస్టు 24న 70.8 అడుగులు, 2006 ఆగస్టులో 66.9 అడుగులు నమోదైనవి. ఈ మూడూ ఆగస్టు నెలవే కావడం వలన ఆగస్టునే వరద మాసంగా భావించే అలవాటు తీర గ్రామాలలో స్థిరపడినది. 2022లో ఆ అంచనా తప్పినది. జూలై రెండవ వారంలోనే మూడవ హెచ్చరిక జారీ కాగా, జూలై 16న నీటిమట్టం 71.3 అడుగులకు, అనగా జలసంఘం లెక్కలో సుమారు 54.35 మీటర్లకు చేరినది. ప్రవాహం సుమారు 24 లక్షల క్యూసెక్కులు. 1986 తరువాత అంతటి వరద అదే. నాటి రాష్ట్రపతి సర్వేపల్లి రాధాకృష్ణన్ 1965లో ప్రారంభించిన గోదావరి వంతెనపై రాకపోకలను నిలిపివేయవలసి వచ్చినది. వంతెన మూతపడితే జిల్లా కేంద్రానికి, భద్రాచలం డివిజన్‌కు మధ్య సంబంధం తెగినట్లే. బియ్యం, మందులు, డీజిల్, ప్రసవ సమయం దగ్గరపడిన గర్భిణుల తరలింపు అన్నీ వంతెన మూయకముందే ముగించుకొనవలసిన పనులన్న పాఠం ఆ వారం రోజులు నేర్పినవి. 2024లో పక్కనే రెండవ వంతెన వాడుకలోకి వచ్చినది. అయితే రెండు వంతెనలకూ చేరే రోడ్లు నీట మునిగితే ఈ జాగ్రత్తలో మార్పు ఉండదు.

2022లో ముంపునకు గురైన కుటుంబాలకు తక్షణ సాయంగా రూ. 10,000 చొప్పున, రెండు నెలలపాటు 20 కిలోల బియ్యం ఇవ్వనున్నట్లు జూలై 17న భద్రాచలం వచ్చిన అప్పటి ముఖ్యమంత్రి కె. చంద్రశేఖరరావు ప్రకటించారు.

నీరు ఎటు నుండి వస్తుంది

భద్రాచలం మట్టాన్ని నిర్ణయించేది స్థానిక వర్షం కాదు. ఎగువన కాళేశ్వరం వద్ద కలిసే ప్రాణహిత, ఆ దిగువన ఛత్తీస్‌గఢ్ వైపు నుండి వచ్చే ఇంద్రావతి, చర్ల మండలంలో తాలిపేరు తెచ్చే నీరే ప్రధానం. కనుక భద్రాచలంలో ఎండ కాస్తుండగా కూడా మట్టం పెరగవచ్చును. పేరూరు, దుమ్ముగూడెం వద్ద నమోదయ్యే మట్టాలను చూసి భద్రాచలానికి రానున్న నీటిని కొన్ని గంటల ముందుగానే అంచనా వేయగలుగుతారు. ఈ గంటల వ్యవధియే గ్రామాలను ఖాళీ చేయించడానికి దొరికే సమయం.

దిగువన కూనవరం వద్ద శబరి కలుస్తుంది. శబరి కూడా నిండుగా ఉన్న రోజులలో గోదావరి నీరు వేగంగా దిగిపోదు. ఎగువన ప్రవాహం తగ్గినా భద్రాచలం వద్ద మట్టం నిలకడగా ఉండిపోతుంది. 2014లో పోలవరం ముంపు మండలాలు ఆంధ్రప్రదేశ్‌లో కలిసినందున కూనవరం నేడు పొరుగు రాష్ట్రంలో ఉన్నది. భద్రాచలం పట్టణం తెలంగాణలో ఉండగా, దానిని ఆనుకొని ఉన్న ఎటపాక ఆంధ్రప్రదేశ్‌కు చెందినది. ఒకే వరదకు రెండు రాష్ట్రాల కంట్రోల్ రూములు పనిచేస్తాయి. గ్రామం పేరుతోపాటు మండలం, రాష్ట్రం పేర్కొనని సహాయ విజ్ఞప్తి సరిహద్దు వద్ద ఆగిపోయే అవకాశం ఉన్నది.

కిన్నెరసాని

కిన్నెరసాని జలాశయం పాల్వంచకు సుమారు 12 కిలోమీటర్ల దూరంలో అభయారణ్యం నడుమ ఉన్నది. థర్మల్ విద్యుత్ కేంద్రానికి నీటి కోసం నిర్మించినందున దాని గేట్ల నిర్వహణ విద్యుదుత్పత్తి సంస్థ ఇంజనీర్ల చేతిలో ఉన్నది. పూర్తిస్థాయి నీటిమట్టం 407 అడుగులు. ఇది సముద్రమట్టపు లెక్క కనుక భద్రాచలం అడుగులతో పోల్చరాదు.

ఇక్కడ ప్రమాదం స్వభావమే వేరు. గోదావరి గంటకు కొంత చొప్పున పెరుగుతూ వస్తుంది. కిన్నెరసాని గేట్లు ఎత్తినపుడు దిగువ వాగులో నీరు ఒక్కసారిగా లేస్తుంది. అడవి లోపల కురిసిన వాన దిగువ గ్రామాలకు కనిపించదు. రాజాపురం, యానంబైలు మధ్య రాకపోకలు మొట్టమొదట ఆగేది ఇందువల్లనే. పశువుల కాపరులు, చేపలు పట్టేవారు, పొలాలకు వెళ్ళినవారు వాగు నడుమ చిక్కుకొనే ప్రమాదం ఉన్నందున గేట్లు ఎత్తడానికి ముందు సైరన్, దండోరా తప్పనిసరి. కిన్నెరసాని చివరకు బూర్గంపాడు ప్రాంతంలో గోదావరిలో కలుస్తుంది. గోదావరి నిండుగా ఉన్నపుడు ఈ నీరు కలవలేక వెనుకకు తన్నుతుంది. బూర్గంపాడు మునకకు ఒక్కొక్కసారి కారణం ఎదుటి నది కాదు, వెనుక వాగు.

చిన్న జలాశయాలను తేలికగా తీసుకొనరాదనడానికి 2024 జూలై 18న అశ్వారావుపేట మండలం గుమ్మడవల్లి వద్ద పెద్దవాగు ప్రాజెక్టు కట్ట తెగిన ఘటన నిదర్శనం. దిగువన ఆంధ్రప్రదేశ్‌లోని వేలేరుపాడు మండల గ్రామాలు ముంపునకు గురైనవి. ఆ ప్రమాదానికి భద్రాచలం అంకెతో ఏ సంబంధమూ లేదు.

ముర్రేడు వాగు, నగరపాలక సంస్థ

ముర్రేడుకు అడుగుల హెచ్చరిక ఏదీ వాడుకలో లేదు. పట్టణంలో, పరిసర అడవులలో రెండు మూడు గంటలు గట్టిగా వాన పడితే వాగు పొంగుతుంది, ఒడ్డు కోసుకొనిపోతుంది, గట్టున ఉన్న ఇళ్ళకు ముప్పు వస్తుంది. వాన వెలసిన కొద్ది సేపటికి మామూలు స్థితికి వస్తుంది. ఇక్కడ ముందస్తు సూచన వాతావరణ శాఖ ఇచ్చే భారీ వర్ష సూచన ఒక్కటే. అటువంటి సూచన ఉన్న రాత్రి వాగు గట్టు వార్డులలో సిబ్బంది ఉన్నారా, మురుగు కాల్వల పూడిక తీశారా అన్నవే విలేకరులు అడగవలసిన ప్రశ్నలు.

2025లో కొత్తగూడెం, పాల్వంచ పురపాలక సంఘాలను, సుజాతనగర్ మండలంలోని 7 గ్రామ పంచాయతీలను కలిపి కొత్తగూడెం నగరపాలక సంస్థను ఏర్పాటు చేయడం జరిగినది. షెడ్యూల్డు ప్రాంత నిబంధనల కారణంగా పాల్వంచలో విలీనం నాటికి దశాబ్దాలుగా పురపాలక ఎన్నికలు జరగలేదు. వాగు నీరు ఇంట్లోకి వచ్చిన రాత్రి వార్డు సభ్యుని తలుపు తట్టే వీలు అక్కడి వారికి లేకపోయినది. విలీనంతో ముర్రేడు గట్టు, పాల్వంచ పట్టణం ఒకే సంస్థ పరిధిలోకి వచ్చినవి. అయినప్పటికీ సింగరేణి క్వార్టర్లు, గనుల నీటి పంపింగ్ ఆ కంపెనీ బాధ్యత. కిన్నెరసాని గేట్లు విద్యుదుత్పత్తి సంస్థవి. అభయారణ్యం అటవీ శాఖది. నగరపాలక సంస్థ కమిషనర్‌ను అడిగితే ఈ ప్రశ్నలన్నిటికీ జవాబు దొరకదు. విపత్తు నిర్వహణ చట్టం, 2005లోని 25వ సెక్షన్ ప్రకారం జిల్లా విపత్తు నిర్వహణ సంస్థకు అధ్యక్షులు కలెక్టర్. 41వ సెక్షన్ ప్రకారం సిబ్బందికి శిక్షణ ఇవ్వడం, సామగ్రిని సిద్ధంగా ఉంచడం, సహాయ పునరావాస పనులు చేపట్టడం స్థానిక సంస్థల విధి. శాఖల మధ్య భేదం వచ్చిన చోట సమాధానం కలెక్టరేట్ నుండి తీసుకొనవలెను.

అదే చట్టంలోని 54వ సెక్షన్ ప్రకారం విపత్తు గురించి గాని, దాని తీవ్రత గురించి గాని భయాందోళనలు కలిగించే తప్పుడు హెచ్చరికను పుట్టించినవారికి, ప్రచారం చేసినవారికి ఏడాది వరకు జైలు లేదా జరిమానా విధించవచ్చును. వాట్సాప్ ద్వారా వచ్చే పాత వరద దృశ్యాలు, ముఖ్యంగా 2022 నాటి వీడియోలు, ప్రతి వర్షాకాలంలో తిరిగి చలామణిలోకి వస్తున్నవి. వీటిని తేదీ సరిచూడకుండా వాడరాదు.

నీటిమట్టం ప్రచురించేటపుడు అంకె పక్కన నది పేరు, కొలత జరిగిన చోటు, తేదీ, గంట, మట్టం పెరుగుతున్నదా తగ్గుతున్నదా అన్న వివరం ఉండవలెను. ఉదయం 6 గంటల అంకెను సాయంత్రం వార్తలో గంట లేకుండా ఇచ్చినచో అప్పటికే తూరుబాక వద్ద రోడ్డు మునిగి ఉండవచ్చును.