కళాశాల వాకిట గణితము: ఒక భాషాచరిత్ర పరిశీలనము

పాఠశాల గణితమున మంచి మార్కులు తెచ్చుకొన్న విద్యార్థి కళాశాలలో మొదటి సంవత్సరముననే తడబడుట ఉపాధ్యాయులకు క్రొత్త విషయము కాదు. ఈ తడబాటును గూర్చి విచారించినవారు శతాబ్దికి పైగా తఱచు ఒకే ప్రశ్న వేసిరి: పాఠశాలకును పట్టపరీక్షకును నడుమ ఎన్ని యేండ్లు ఉండవలెను? ఆ యేండ్లలో విద్యార్థి యే భాషలో ఆలోచించుచున్నాడను ప్రశ్న వెనుకబడినది. ఇది గణితశాఖ వారిది మాత్రమే కాదు, మనది కూడ కావున దాని నిచట ఎత్తుకొనుచున్నాము.

1857లో ఏర్పడిన మద్రాసు విశ్వవిద్యాలయమున ప్రవేశపరీక్ష మొదటి గడప. కాలక్రమమున దానిపై రెండేండ్ల ఎఫ్.ఏ., దాని స్థానమున ఇంటర్మీడియెట్ వచ్చినవి. ఆ కాలపు విద్యార్థి కొక సౌకర్యముండెను. ఉన్నత పాఠశాల పై తరగతులలోనే బోధన ఇంగ్లీషున జరుగుటచే గడప దాటునపుడు భాష మారలేదు. సౌకర్యమంటిమి గాని, దాని వెల చెల్లింపజాలనివారు ఆ గడప దాకనే రాలేదు.

హైదరాబాదు రాజ్యమున కథ వేఱు. 1917లో అనువాదసంస్థయు, 1918లో ఉస్మానియా విశ్వవిద్యాలయమును వెలసినవి. ఉన్నతగణితమును ఒక భారతీయభాషలో బోధింపవచ్చునని ఉర్దూ మూలమున అచట చేసి చూపిరి. ఆ ఘనత తక్కువది కాదు. అయితే ఇంట తెలుగు మాటాడు బాలునకు ఉర్దూయు నేర్చుకొనవలసిన భాషయే. 1948 తరువాత బోధన ఇంగ్లీషునకు మాఱగా, వాని కది మూడవ భాష యైనది.

తీరాంధ్రమున అసలు చిక్కు, ఉన్నత పాఠశాలలలో దేశభాష బోధనభాష యైన పిమ్మట మొదలైనది. ఆ మార్పు న్యాయమైనది. కాని కళాశాల తన భాషను మార్చుకొనలేదు. 1948-49 నాటి రాధాకృష్ణన్ సంఘము పండ్రెండేండ్ల చదువు ముగిసిన పిమ్మటనే విశ్వవిద్యాలయ ప్రవేశ ముండవలెననినది. 1952-53 నాటి లక్ష్మణస్వామి మొదలియార్ సంఘము ఇంటర్మీడియెట్‌ను విడదీసి, ఒక యేడు పాఠశాలకును, ఒక యేడు పట్టవిద్యకును చేర్చుమని సూచించి, తాత్కాలికముగా ఒక యేటి పూర్వవిశ్వవిద్యాలయ తరగతిని అంగీకరించినది. ఆ తరగతియే పి.యు.సి. అను పేర అందఱ నోట నానినది. తెలుగున చదివి వచ్చిన బాలుడు ఆ యొక్క యేటిలోనే ఇంగ్లీషు ఉపన్యాసములకు చెవి నలవఱచుకొనవలెను. క్రొత్త గణితమునకు మనస్సు నలవఱచుకొనవలెను. రెండు పనులకు ఒక యేడు చాలలేదనుటలో వింత లేదు. 1969-70లో ఆంధ్రప్రదేశమున రెండేండ్ల ఇంటర్మీడియెట్ మరల వచ్చినది. యేడు పెరిగినది, ప్రశ్న మాత్రము అదియే.

ఇంతలో 1968లో తెలుగు అకాడమి స్థాపితమై పాఠ్యగ్రంథములును, పరిభాషయు సిద్ధము చేయ మొదలిడినది. ప్రమేయము, అవధి, అవిచ్ఛిన్నత, మాత్రిక, ప్రస్తారము మొదలగు మాటలు తరగతులలో నెలకొన్నవి. ఇవి సంస్కృతపదములు గనుక దేశమంతట ఒకే అర్థ మిచ్చుననుకొనుట పొరపాటు. హిందీలో ప్రమేయమనగా సిద్ధాంతము; మన గణితమున అది ఒక రాశికి మఱియొక రాశిని జతచేయు నియమము. మాట తెలిసినంతమాత్రమున విషయము తెలియదనుట కిది చాలు.

ప్రస్తారమను మాట చరిత్ర మఱింత ఆసక్తికరము. అది ఛందశ్శాస్త్రపు సొత్తు. గురులఘువుల అమరికల నన్నిటిని క్రమము తప్పక వ్రాయుట ప్రస్తారము. మూడక్షరములకు మ, య, ర, స, త, జ, భ, న అను ఎనిమిది గణములు వచ్చును. లఘువులను బట్టి వానిని లెక్కించినచో 1, 3, 3, 1 అగును. ఇవియే ద్విపదసిద్ధాంతమున మూడవ ఘాతపు గుణకములు. ఇక అమరిక నిచ్చి దాని సంఖ్య నడుగుట ఉద్దిష్టము. సంఖ్య నిచ్చి అమరిక నడుగుట నష్టము. ర-గణమునందు అక్షరములపై 1, 2, 4 వ్రాసి, లఘువుపై నున్న 2నకు 1 కూడిన 3 వచ్చును. మరల 3 బేసి గనుక గురువు; 1 కూడి సగము చేయగా 2, సరి గనుక లఘువు; దాని సగము 1, బేసి గనుక గురువు. ర-గణము తిరిగి వచ్చినది. కళాశాలలో ద్విగుణప్రమేయము, విలోమప్రమేయము అని చెప్పి విద్యార్థిని భయపెట్టు విషయ మిదియే కదా! ఉత్పలమాలకు ఇరువది యక్షరములు; 10,48,576 వృత్తములలో అది 355799వది. తెలుగు వాచకమున గణవిభజన చేసి వచ్చిన బాలునకు ఈ లెక్క అందని పండు కాదు.

అయితే ఇచట ఒక జాగ్రత్త అవసరము. పాఠ్యగ్రంథములలో ప్రస్తారమను పేరు వేఱు వేఱు వస్తువుల క్రమవిన్యాసములకు పెట్టబడినది. అందు సాధారణముగా వస్తువు మరల రాదు. ఛందస్సున గురువు ఎన్నిమార్లైనను రావచ్చును. పరిభాషాకర్తలు ఛందస్సునుండి మాటను తెచ్చిరి. దాని లెక్కను తేలేదు. పరిభాష అనావశ్యకమని మేమనము. ఆ పరిభాష పుట్టిన చోటికి విద్యార్థిని ఒకమారు తీసికొనిపోవు పాఠము లేకుండుటయే లోటని మా అభిప్రాయము.

గణితమున క్రొత్తగా వచ్చునది పదములు మాత్రమే కాదు, వాక్యమును వచ్చును. పాఠశాలలో అడుగునది విలువ. కళాశాలలో అడుగునది ఉపపత్తి. అవిచ్ఛిన్నతను నిర్వచించునపుడు ‘ప్రతి ఎప్సిలాన్‌కును ఒక డెల్టా కలదు’ అందురు. ఆ డెల్టా బిందువును బట్టి మాఱునా, మాఱదా అనునది ఇంగ్లీషు వాక్యమున పదముల క్రమముపై ఆధారపడి, క్రొత్తవానికి దొరకకుండ జాఱును. తెలుగున ‘ఒక్కొక్క బిందువునకు ఒక్కొక్క డెల్టా’ అన్నచో ఒక యర్థము. ‘అన్ని బిందువులకును ఒకే డెల్టా’ అన్నచో మఱియొకటి. రెండవది ఏకరూప అవిచ్ఛిన్నత. ఆమ్రేడితమును అవధారణమును మన బాలురు సంతలో బేరమాడునపుడు సైతము తప్పక వాడుదురు.

2021లో అఖిల భారత సాంకేతిక విద్యామండలి, ఇంటర్‌లో గణితము చదువనివారికిని కొన్ని ఇంజనీరింగు శాఖలలో ప్రవేశమునకు వీలు కల్పించుచు, అట్టివారికి విశ్వవిద్యాలయములు సేతుపాఠములు చెప్పవలెనని సూచించినది. అట్టి పాఠముల ప్రణాళికలో త్రికోణమితి, కలనగణితము సహజముగా చేరును. వానికి ముందు వారము దినములు ప్రస్తారమునకును, ‘ఒక్కొక్క–ఒకే’ భేదమునకును కేటాయించి, తెలుగు ఉపన్యాసకుడును గణితోపన్యాసకుడును ఒకే తరగతిలో కలిసి చెప్పుట సాధ్యమే. కావలసినవి ఒక నల్లబల్లయు, ఒక లక్షణగ్రంథమును.