చాందా సీమలో తెలుగు బడి: వ్యయసంకోచ కాలములందలి ప్రాధాన్యములు

రాబడి తగ్గినపుడు గృహస్థుడు మొదట ఏ ఖర్చును మానుకొనునో, దానిని బట్టి అతని మనస్సునకు ఏది దగ్గరయో, ఏది దూరమో తెలిసికొనవచ్చును. ప్రభుత్వములకును, జిల్లా పరిషత్తులకును, పురపాలక సంఘములకును ఈ న్యాయమే వర్తించును. సొమ్ము సమృద్ధిగా నున్న దినములలో అందరును విద్యను పొగడుదురు. సొమ్ము చాలని దినములలో దేనిని నిలిపిరి, దేనిని విడిచిరి అని చూచినచో నిజమైన విద్యానీతి బయటపడును. చంద్రపూర్ జిల్లాలోని తెలుగు పాఠశాలల స్థితిని ఈ దృష్టితో విచారించుట ఈ వ్యాసమున కుద్దేశము.

తెలుగువారి ఉనికి

చంద్రపూర్ పట్టణమునకు పూర్వనామము చాందా. ఇరై, ఝర్పట్ నదుల కూడలిలో గోండు రాజులు కట్టించిన కోటపట్టణమిది. నాగపూరు రాజ్యముతోపాటు 1854లో ఆంగ్లేయుల పాలనలోనికి వచ్చి, 1861లో ఏర్పడిన మధ్యపరగణాలలో చేరెను. ఈ జిల్లాలోని తెలుగువారు రెండు తెగలుగా కానవచ్చుచున్నారు. మొదటివారు తామున్నచోటనే యుండగా ఎల్లలు మారినవారు. ప్రాణహితా గోదావరుల తీరమునందలి సిరొంచా సీమ 1874లో చాందా జిల్లాలో చేరి, 1982లో గడ్చిరోలి జిల్లా ఏర్పడినపుడు దానిలోనికి పోయెను. రాజూరా తాలూకా 1956 వరకు ఆదిలాబాదు జిల్లాలో నుండి, ఆ యేడు నాందేడు జిల్లాకును, 1959లో చాందా జిల్లాకును మారెను. రెండవవారు పనికై వచ్చినవారు. కాజీపేట బల్లార్షా రైలుమార్గము 1929లో పూర్తి కాగా, బొగ్గుగనులకును, 1945లో స్థాపింపబడిన బల్లార్‌పూర్ కాగితపు మిల్లుకును తెలుగు కార్మికులు కుటుంబములతో తరలివచ్చిరి. తెలుగు బడి ఈ ఇరు తెగల పిల్లలకును అవసరమైనది. ఆ బడికి వ్యయము చేయవలసిన పాలకులు మాత్రము తరతరమునకు మారుచువచ్చిరి.

మొదటి హక్కు ఎవరిది?

స్థానిక విద్యానిధిపై మొదటి హక్కు ఎవరిదను ప్రశ్న మన దేశమున 1882లోనే స్పష్టముగా చర్చింపబడినది. విలియం హంటర్ అధ్యక్షతన ఆ యేడు నియమింపబడిన విద్యాసంఘము, విద్యకై కేటాయింపబడిన స్థానిక నిధులపై ప్రాథమిక విద్యకే దాదాపు సంపూర్ణమైన హక్కు కలదని నిర్ణయించెను. పట్టణములు గ్రామముల సొమ్మును హరింపకుండ రెంటి లెక్కలను వేరుగా నుంచవలెననియు సూచించెను. మధ్యపరగణాలలో 1883 నాటి స్థానిక స్వపరిపాలనా చట్టముతో జిల్లా మండలులు వెలసినవి. కళాశాల యొక వైపు, పల్లెబడి యొక వైపు నిలిచి ఒకే సంచి కొరకు చేయి చాచినపుడు, మొదట పల్లెబడికి పెట్టుమని చెప్పిన తీర్పు అది. ఆచరణలో అది అన్నిచోట్ల సాగలేదు. ఐనను ప్రాధాన్యక్రమము నొక సూత్రముగా వ్రాసి యుంచుట చిన్న విషయము కాదు.

1929లో హార్టాగ్ సంఘము మరియొక మార్గము చూపెను. 1922-23లో మొదటి తరగతిలో నూరుగురు చేరగా 1925-26లో నాలుగవ తరగతికి వచ్చినవారు 18 మంది మాత్రమే యని ఆ సంఘము లెక్కించి, ఇది ధనమునకును శ్రమకును వ్యర్థవ్యయమని భావించెను. బడుల సంఖ్యను పెంచుటకంటె ఉన్నవానిని గట్టిపరచుట మేలని దాని సలహా. ఈ వాదములో సత్యము లేకపోలేదు. కాని వెంటనే వచ్చిన ఆర్థికమాంద్య కాలమున "గట్టిపరచుట" అను మాట, విస్తరణను నిలిపివేయుటకు మర్యాదగల పేరుగా మారుట సులభమయ్యెను. చిన్నబడిని మూయుటకు గుణము పేరు చెప్పు వాడుక ఆనాటినుండియు కలదు.

వార్ధా పాఠము

చాందాకు పొరుగున నున్న వార్ధాలో 1937 అక్టోబరు 22, 23 తేదీలలో జరిగిన విద్యాసమావేశము ఈ చరిత్రలో మిక్కిలి గమనింపదగినది. నాడు రాష్ట్రములలో కాంగ్రెసు మంత్రివర్గము లేర్పడి మద్యనిషేధమును తలపెట్టినవి. మద్యముపై వచ్చు పన్ను పోయినచో బడులకు సొమ్మెక్కడిదను చిక్కు వచ్చెను. కల్లుసారాల రాబడితో పిల్లలకు చదువు చెప్పుట సిగ్గుచేటని తలచిన గాంధీజీ, చేతిపని మూలముగా నేర్పు విద్య తన ఖర్చును తానే చాలవరకు సంపాదించుకొనవలెనని ప్రతిపాదించెను. జాకిర్ హుస్సేన్ అధ్యక్షతగల సంఘము దానికి రూపము కల్పించెను. మధ్యపరగణాలలో రవిశంకర శుక్లా భూమి ఆదాయముతో నడచు విద్యామందిరముల పథకమును ప్రారంభించెను. పిల్లల చేతిపనితో గురువు జీతము గడచుట సాధ్యమా యని నాడే పలువురు శంకించిరి. ఆ శంక నిజమే యయ్యెను. ఐనను ఒక్క సంగతి మరువరాదు. డబ్బు లేమినుండి పుట్టిన ఈ పథకములో సైతము ఏడేండ్ల విద్య, మాతృభాషలో బోధన యనునవి బేరమునకు అతీతములుగా నిలుపబడినవి. తక్కినవి తగ్గింపవచ్చును, వీనిని తగ్గింపరాదు అను గీత నాడు గీయబడెను.

తెలుగు జిల్లాలు ఇంకను మద్రాసు రాష్ట్రములో నుండగా 1953లో రాజగోపాలాచారి ప్రభుత్వము గ్రామములలో ప్రవేశపెట్టిన పథకము దీనికి భిన్నమైనది. చాలినంతమంది గురువులును, బడులును లేనందున దినమునకు మూడు గంటలు మాత్రమే బోధించి, రెండు జట్లుగా పిల్లలను పిలిచి, మిగిలిన కాలమున తలిదండ్రుల వృత్తి నేర్పవలెనని దాని సారాంశము. సొమ్ము కొంత మిగిలి యుండవచ్చును. కాని పేదపిల్లవాని బడిగంటలే తగ్గినవి. కులవృత్తులలోనే పిల్లలను బంధించునను తీవ్రమైన నిరసన బయలుదేరగా, 1954లో కామరాజు ప్రభుత్వము దానిని రద్దు చేసెను.

నలుబది, పది

భాషాల్పసంఖ్యాకుల బడులకు సంఖ్యానియమము 1949 ఆగస్టులో జరిగిన రాష్ట్ర విద్యామంత్రుల సమావేశములో ఏర్పడినది. ఒక పాఠశాలలో 40 మంది గాని, ఒక తరగతిలో 10 మంది గాని ఆ భాష మాటలాడు పిల్లలున్నచో వారి మాతృభాషలో బోధించుటకు ఒక ఉపాధ్యాయుని నియమింపవలెనని ఆ తీర్మానము. 1956లో రాజ్యాంగమునకు ఏడవ సవరణ ద్వారా చేర్చబడిన 350ఎ అధికరణము, ప్రాథమిక దశలో మాతృభాషాబోధనకు తగిన వసతులు కల్పించుటకు ప్రతి రాష్ట్రమును, స్థానిక సంస్థను ప్రయత్నింపుమని చెప్పినది. 1962 మే 1న మహారాష్ట్రలో జిల్లా పరిషత్తులు అమలులోనికి వచ్చినపుడు ఈ బాధ్యతలో పెద్దభాగము వాని భుజములపై పడెను. 1967లో పుణెలో స్థాపింపబడిన బాలభారతి తెలుగు పాఠ్యపుస్తకములను ముద్రించుచు వచ్చెను. కొద్ది ప్రతులకును అక్షరముల కూర్పు, బొమ్మలు, పరిశీలన మొదలగు ఖర్చులు పెద్ద ముద్రణకు వలెనే యగును; ఐనను ఆ వ్యయమును రాష్ట్రము భరించినది.

ఆ సంఖ్య నాడు రక్షణకై పుట్టినది. పదిమంది యున్నచో గురువును ఇయ్యక తప్పదని దాని యర్థము. కాలక్రమమున సంఖ్య మరియొక పనికి వినియోగింపబడెను. 2017 డిసెంబరులో మహారాష్ట్ర ప్రభుత్వము పదిమందికి లోపు విద్యార్థులున్న సుమారు 1300 పాఠశాలలను మూసి, పిల్లలను సమీపమునందలి బడులకు పంప నిశ్చయించెను. 2023 సెప్టెంబరులో ఇరువదిమందికి లోపు పిల్లలున్న బడులను కలిపి సమూహపాఠశాలలుగా చేయు ప్రతిపాదన వెలువడెను. అట్టివి రాష్ట్రమున 14 వేలకు పైగా కలవని లెక్క తేలినది. 1949లో "పది" గురువును తెచ్చిన అంకె. 2017 నాటికి అదే అంకె బడికి తాళము వేయు కొలతయైనది.

ఈ నిర్ణయముల వెనుకనున్న కష్టమును తేలికగా త్రోసివేయరాదు. విద్యావ్యయములో అధికభాగము జీతములకే పోవును. ఒక్క గురువు నాలుగైదు తరగతులను ఒకే గదిలో కూర్చుండబెట్టుకొని చెప్పు బడిలో పిల్లలకు జరుగు నష్టము నిజమైనదే. తెలుగు తలిదండ్రులే ఆంగ్లమాధ్యమమును కోరుచుండుటయు వాస్తవమే. ఐనను రెండు సంగతులు విచారింపవలసి యున్నవి.

మొదటిది దూరమును గూర్చినది. ఒక మరాఠీ బడిని మూసినచో ఆ పిల్లవానికి సమీపబడి మరియొక మరాఠీ బడియే. అతనికి పెరుగునది నడకమాత్రమే. తెలుగు బడిని మూసినచో సమీపమునందలి బడి వేరు భాష బడి. తెలుగు బడి మరియొక పట్టణమున నుండవచ్చును. ఒకే ఉత్తర్వు ఒక పిల్లవానికి దారిని, మరియొక పిల్లవానికి భాషను మార్చుచున్నది. రెండవది కారణమును గూర్చినది. ఖాళీయైన ఉపాధ్యాయపదవి నింపబడక నిలిచినచో తలిదండ్రులు పిల్లలను మాన్పింతురు. పిల్లలు తగ్గినందున పదవి రద్దగును. పదవి లేనందున ఉన్న పిల్లలును పోవుదురు. అంతట సంఖ్య తగ్గినదని వ్రాయుదురు. కార్యమునే కారణముగా చూపుట తర్కమునకు నిలువదు.

ఎల్లపై నున్న జివతీ తాలూకా గ్రామములు ఈ సందర్భమున గుర్తునకు వచ్చును. మహారాష్ట్ర, తెలంగాణములు రెండును తమవని చెప్పుకొను పదునాలుగు గ్రామములలో కొన్నింట మరాఠీ బడి యొకటి, తెలుగు బడి యొకటి నడచుచున్నవి. అచ్చటి ప్రజలలో మరాఠీ మాటలాడువారే యెక్కువ. అధికారము నిలుపుకొనవలెనను పట్టుదల యున్నచోట చిన్నగ్రామమునకును రెండు బడులకు సొమ్ము దొరకుచున్నది. కావున సొమ్ము లేమి యను మాటలో కొంత సంకల్పలేమియు కలదని గ్రహింపవలెను.

ప్రాధాన్యక్రమము

పై చరిత్రనుండి ఒక క్రమము తేలుచున్నది. కోత తప్పనిసరియైనపుడు భవనములు, అలంకరణలు, ఉత్సవములు, క్రొత్త పరికరములు మొదట ఆగవచ్చును. పుస్తకము అటుపిమ్మట. గురువు చిట్టచివర. గోడ కూలిన బడి చెట్టుక్రింద నడచును. గురువు లేని బడి మేడలోనైనను నడువదు. రెండవ సూత్రము, సమీపబడి యనగా అదే మాధ్యమపు సమీపబడి యని లెక్కింపవలెను. మూడవది, 1964-66 నాటి కొఠారీ సంఘము సూచించినట్లు బడులను మూయక వానిని ఒక సముదాయముగా కలుపవలెను. గ్రంథాలయమును, ప్రయోగసామగ్రిని, వారమున కొన్ని దినములు ఒక గురువును పలుబడులు పంచుకొనవచ్చును. చంద్రపూర్, బల్లార్‌పూర్ వంటి దగ్గర పట్టణములలో ఇది కష్టసాధ్యము కాదు.

సొమ్మునకును మార్గము లేకపోలేదు. 2015లో గనుల చట్టమునకు చేసిన సవరణతో ఏర్పడిన జిల్లా ఖనిజనిధులలో విద్యకు ఉన్నత ప్రాధాన్యము చెప్పబడినది. చంద్రపూర్ బొగ్గుజిల్లా. ఆ బొగ్గును త్రవ్విన చేతులలో తెలుగు చేతులును కలవు. ఆ నిధినుండి ఆ కార్మికుల బిడ్డల బడికి పుస్తకములను, ప్రయాణవసతిని కోరుట దానమడుగుట కాదు. ఈ కోరికను లెక్కలతో, గడువు మించకముందు, జిల్లా పరిషత్తు ఎదుటను, పురపాలకుల యెదుటను ఉంచుట తెలుగు సంఘముల విధి. తమ పిల్లలను ఆ బడిలో చేర్చుట తలిదండ్రుల విధి. చేర్పుపట్టికలో పేరు లేని బిడ్డ కొరకు ఏ చట్టమును వాదింపజాలదు.

మరాఠీ నేర్వవలదని ఇచ్చట ఎవరును చెప్పుట లేదు. అది బ్రతుకుదెరువు భాష, ఇరుగుపొరుగు భాష. తెలుగు బడిలోను అది బోధింపబడుచునే యున్నది. ఇంటిలో విన్న మాటను మొదట వ్రాయనేర్చిన బిడ్డ రెండవ భాషను ధైర్యముతో అందుకొనును. ఆ మొదటి మెట్టు ఖర్చుపట్టికలో చిన్న పంక్తియే. దానిని కొట్టివేసినచో మిగులు సొమ్మును లెక్కింపవచ్చును. పోవు దానిని తరువాతి తరము లెక్కించుకొనవలసి వచ్చును.