కోసిన ముక్కలే మిగిలాయి

'డాక్టర్ హూ' అనే బ్రిటిష్ టెలివిజన్ ధారావాహికలో 1966–68 నాటి కథలు చాలావాటికి ఇప్పుడు బొమ్మ లేదు. కొన్నిటికి మాత్రం అక్కడక్కడ కొన్ని సెకన్లు మిగిలాయి. ఆ సెకన్లను వరసగా పెట్టి చూస్తే ఒక సంగతి బయటపడుతుంది. 'స్మగ్లర్స్'లో కత్తిపోట్లు. 'హైలాండర్స్'లో ఉరి. 'అండర్‌వాటర్ మెనేస్'లో ఒక అమ్మాయిని కదలకుండా పట్టుకుని సూది గుచ్చబోవడం. 'మాక్రా టెర్రర్'లో పెద్ద పీత డెక్కకు చిక్కిన మనిషి. 'ఫ్యూరీ ఫ్రమ్ ది డీప్'లో ఇద్దరు మనుషులు నోరు బార్లా తెరిచి ఒకావిడ మీదికి విషవాయువు ఊదడం. కథ నడిపించే మాటలు, కబుర్లు ఈ వరసలో కనిపించవు. అన్నీ పోయి భయపెట్టేవే ఎందుకు మిగిలాయి?

మిగతావి ఎలా పోయాయో చెప్పడం తేలిక. 1963 నవంబరు 23న ధారావాహిక మొదలైంది. మొదటి ఆరేళ్లలో 253 భాగాలు వచ్చాయి, అన్నీ నలుపు తెలుపే. 1967 నుంచి 1978 వరకు దాన్ని ప్రసారం చేసిన సంస్థ తన టేపులను చెరిపింది, విదేశాలకు అమ్మడానికి తీయించుకున్న ఫిల్ము ప్రతులనూ వదిలించుకుంది. 2013 నాటి లెక్కలో 97 భాగాలకు బొమ్మ లేదు. శబ్దం మాత్రం అన్నిటికీ ఉంది. ప్రసారమవుతుండగా ఇళ్లలో కొందరు ప్రేక్షకులు టేపు రికార్డర్లు ఆన్ చేసి కూర్చున్నారు. ఈ కథనంలో ఆ టేపులు సాక్షుల్లాంటివి. వాటిని మళ్లీ పిలుస్తాను.

ఇదంతా కాకతాళీయమని కొట్టిపారేయవచ్చా? అగ్గి, చెద, తేమ దృశ్యాలు చూసి ఎంచుకోవు. దెబ్బలాటలను మాత్రమే ఏరి మిగల్చవు. ఎంపిక కనిపించిన చోట ఎంచిన చెయ్యి ఉండాలి.

పునఃప్రసారాల్లో కోతలు అనగానే మొదట అనుమానం పోయేది ప్రకటనల మీదికి. అమెరికాలో అది నిజంగా జరిగిన పని. 'స్టార్ ట్రెక్' 79 భాగాలు 1966–69 మధ్య వచ్చాయి, ప్రకటనలు తీసేస్తే ఒక్కోటి సుమారు 50 నిమిషాలు. తర్వాత వాటిని కొనుక్కున్న స్థానిక స్టేషన్లు ప్రకటనలకు చోటు కోసం నిమిషాలకు నిమిషాలు తీసేశాయి. 1998లో ఒక కేబుల్ చానెల్ గంట కథకు గంటన్నర కేటాయించాక గానీ అవి అమెరికన్ టెలివిజన్‌లో మళ్లీ పూర్తిగా కనిపించలేదు. కానీ ఈ దారి మన చిక్కుముడి దాకా రాదు. ప్రకటన కోసం కోసేవాడికి కావలసింది నిమిషాలు. మన దగ్గరున్నవి సెకన్లు. మూడు సెకన్లు తీస్తే ఏ సబ్బుకీ చోటు రాదు. పైగా ఈ ముక్కలు దొరికిన దేశంలో ఆ ధారావాహికను చూపిన సంస్థ ప్రభుత్వ సంస్థ, అందులో ప్రకటనలే ఉండవు. ఈ అనుమానాన్ని ఇక్కడే వదిలేశాను.

బ్రిటన్‌లోనే ప్రసారానికి ముందు కోసి ఉంటారా? ఇంటి టేపులు దీనికి జవాబు చెబుతాయి. ముక్కల్లో ఉన్న అరుపులు, మాటలు ఆ టేపుల్లోనూ ఉన్నాయి. అంటే బ్రిటన్ ప్రేక్షకులు ఆ దృశ్యాలు చూశారు. కోత ఆ తర్వాత, మరోచోట పడింది.

ఆ చోటు ఆస్ట్రేలియా. అక్కడి ప్రసార సంస్థ ఈ భాగాలను 16 ఎం.ఎం. ఫిల్ము ప్రతులుగా తెప్పించుకునేది. ప్రసారానికి ముందు అవి ప్రభుత్వ సెన్సార్ మండలి ముందుకు వెళ్లాలి. పిల్లలు చూసే సాయంకాలపు వేళలో వేయాలంటే అందరూ చూడదగినదన్న ధ్రువీకరణ కావాలి. కొన్ని భాగాలకు అది షరతుతో వచ్చింది: ఫలానా దృశ్యం తీసేయండి. తీశారు. ఆ కోతల రికార్డులను పట్టుకుని వెళ్లిన ఇద్దరు అభిమానులకు 1996 అక్టోబరులో దేశ ప్రభుత్వ దస్త్రాల భాండారంలో ఆ ఫిల్ము ముక్కలే దొరికాయి.

కోసినవాళ్లు వాటిని చెత్తబుట్టలో వేయకుండా ఎందుకు ఉంచారు? భద్రపరచాలన్న ఆలోచన ఉన్నట్టు చూపే ఆధారం ఏదీ లేదు, కాబట్టి దాన్ని వాళ్లకు అంటగట్టను. దస్త్రం చెప్పేది ఇంతే: ఆదేశం పాటించామనడానికి రుజువుగా ప్రసార సంస్థ ఆ ముక్కలను మండలికి పంపింది. రుజువు ఫైలుకు చేరింది. ఫైలు భాండారానికి చేరింది. కోత పడిన అసలు ప్రతులకు అలాంటి ఫైలు ఏదీ లేదు.

అయితే ఆ భాండారంలో మొత్తం రీళ్లు కూడా ఉండాలి కదా అన్న ఆశ అప్పుడు చాలామందికి కలిగింది. ఆ ఆశ నిలవదు. మండలికి రుజువుగా వెళ్లింది ముక్క మాత్రమే. ప్రసారం కావాల్సిన రీలు ప్రసార సంస్థ దగ్గరే ఉండేది. అక్కడ ఉన్నదాన్ని ఇక్కడ వెతికి లాభం లేదు.

ముక్క దొరికితే అది ఏ భాగంలో ఏ క్షణమో తేల్చాలి. నాకు అన్నిటికన్నా నచ్చిన పని ఇది. 16 ఎం.ఎం. ఫిల్ము మీద ఒక బొమ్మ, దాని శబ్దం పక్కపక్కన ఉండవు. ప్రొజెక్టరులో బొమ్మకు వెలుగు తగిలేది ఒకచోట, శబ్దాన్ని చదివేది మరోచోట. అందుకని శబ్దాన్ని 26 ఫ్రేములు ముందుకు జరిపి ముద్రిస్తారు. సెకనుకు 25 ఫ్రేములు తిరిగే బ్రిటిష్ ప్రతిలో ఇది సెకనుకు కాస్త పైన. బొమ్మ చూసి కత్తెర వేసినప్పుడు ముక్కలో మొదటి సెకను బొమ్మకు శబ్దం రాదు. చివర మాత్రం ముక్కలో లేని తర్వాతి సెకను శబ్దం అంటుకుని వస్తుంది. ఆ అదనపు సెకనులో ఒక మాట మొదలో, ఒక అరుపు చివరో ఉంటే చాలు. ఇంటి టేపులో అది ఎక్కడ వినిపిస్తుందో చూస్తే, కత్తెర ఎక్కడ పడిందో ఫ్రేముల లెక్కన చెప్పవచ్చు. కోసినవాళ్లకు ఆ అదనపు సెకనుతో పనే లేదు.

ఇక్కడ ఒక వైరుధ్యం అడ్డొస్తుంది. పోయిన కథలవే మరికొన్ని దృశ్యాలు కూడా ఆస్ట్రేలియా నుంచే వచ్చాయి. వాటిలో హింస లేనివీ ఉన్నాయి. సెన్సార్ కోతలన్న వాదన అప్పుడు కూలిపోవాలి. కూలదు. వాటికి శబ్దమే లేదు. అప్పట్లో ఒక ప్రేక్షకుడు 8 ఎం.ఎం. కెమెరాను టీవీ తెర వైపు తిప్పి అక్కడక్కడ పట్టుకున్న దృశ్యాలవి. ఆయన కోసింది ఏమీ లేదు. తెర మీద వస్తున్నదాన్ని తీసుకున్నాడు, అంటే కోత పడగా మిగిలినదాన్ని. ఈ రెండు మూటలనూ కలిపి చూసినంతకాలం లెక్క కుదరదు. విడదీస్తే కుదురుతుంది.

2002లో న్యూజిలాండ్‌లో మరికొన్ని కోతలు బయటపడ్డాయి, 'వెబ్ ఆఫ్ ఫియర్', 'వీల్ ఇన్ స్పేస్' కథలవి. అక్కడి సెన్సార్ వేరు, కత్తెర వేరు. పద్ధతి ఒక్క దేశానిది కాదని దీంతో తేలింది.

ముక్కలు ఇవైతే, ఆ ముక్కలు లేని రీళ్లు ఏమయ్యాయి? 1984లో 'వార్ మెషీన్స్' ప్రతులు నైజీరియా నుంచి తిరిగొచ్చాయి, కోతలతో. 1997లో దాన్ని వీడియో క్యాసెట్‌గా తెచ్చేటప్పుడు ముందు ఏడాది దొరికిన సెన్సార్ ముక్కలతో ఆ ఖాళీలను చాలావరకు పూడ్చారు. కొన్నిచోట్ల వేరే మూలాలు వెతుక్కోవలసి వచ్చింది. కాబట్టి ఈ ఒక్క కథతో అంతా రుజువైందనను.

నన్ను ఒప్పించింది 2011 నాటి సంగతి. ఆ డిసెంబరులో 'అండర్‌వాటర్ మెనేస్' రెండో భాగం దొరికినట్టు ప్రకటించారు. ఇంగ్లండ్‌లో ఒక సేకరణకర్త 1980లలో కొనుక్కుని ఇంట్లో పెట్టుకున్న ఫిల్ము అది. పుట్టింది బ్రిటన్‌లో, దొరికిందీ బ్రిటన్‌లోనే. కానీ అందులో కోతలున్నాయి. బ్రిటన్ ప్రసారంలో ఆ కోతలు లేవని ఇంటి టేపు చెబుతోంది. రీలు ఆస్ట్రేలియా వెళ్లి వచ్చిందని అర్థం. అక్కడ తీసేసిన ముక్కలు 1996లో దొరికినవాటిలో ఉన్నాయి. కత్తెర వేరు చేసిన రెండింటిలో ఒకటి ప్రభుత్వ ఫైలులో, రెండోది ఒక ఇంటి అల్మరాలో ఉండిపోయాయి.

2015లో ఆ కథ డీవీడీగా వచ్చింది. రెండో భాగంలో ఆ అమ్మాయిని పట్టుకునే దృశ్యం తన చోట తాను ఉంది. ఒకటి, నాలుగు భాగాలకు మాత్రం ఇప్పటికీ కోసిన ముక్కలే ఉన్నాయి, వాటిని అతకడానికి రీళ్లు లేవు.