ద్వీపాంతరవాసుల సంతతి: వంశచరిత్రకు ఆధారాలు

హైదరాబాదు పడమటి దిక్కున ఐటీ భవనాల నడుమ కలిసిపోయిన కొత్తగూడ వంటి పాత గ్రామాలలో ఒక కుటుంబం తన పూర్వికులను వెదకదలచుకుంటే, తొలి సర్వేలో తయారైన భూమి రిజిస్టరు అయిన సేత్వారు నుండి 1954–55 నాటి సాగు, హక్కుల రిజిస్టరైన ఖాస్రా పహాణీ వరకు రెవిన్యూ పత్రాలు దారి చూపుతాయి. ద్వీపాంతరవాస శిక్ష, అనగా సముద్రం దాటించి దూరద్వీపంలో ఉంచే శిక్ష, పడినవాని సంతతికి ఆ దారి లేదు. భూమితో సంబంధం తెగిన ఆ వంశం జాడలు జైలు పత్రాలలోనే మిగిలాయి.

1857 జులై 17న హైదరాబాదు కోఠీలోని బ్రిటిషు రెసిడెన్సీపై దాడికి తుర్రెబాజ్ ఖాన్‌తో కలిసి నాయకత్వం వహించిన మౌల్వీ అల్లాఉద్దీన్ యావజ్జీవ శిక్షపై అండమాన్ చేరి, తిరిగి రాకుండా అక్కడే మరణించారు. ఆయన పేరును సెల్యులార్ జైలుతో ముడిపెట్టి చెప్పడం పరిపాటి అయినా, ఆ జైలు నిర్మాణం 1896లో మొదలై 1906లో పూర్తయింది. ఆయన నాటి ఖైదీలు 1858 మార్చిలో 200 మందితో ప్రారంభమైన బహిరంగ శిక్షా స్థావరంలో అడవులు నరికి, రోడ్లు వేసి బతికినవారు. కాబట్టి పూర్వికుని వెదికేవారు ముందుగా తెలుసుకోవలసింది ఆయన ద్వీపం చేరిన సంవత్సరం.

ఖైదీల రిజిస్టరులో తండ్రి పేరు, కులం, స్వస్థలం, నేరం, ఒంటిపై గుర్తులు నమోదయ్యేవి. మెడలో వేలాడే కొయ్యబిళ్ళపై సంఖ్య, శిక్ష వివరాలు ఉండేవి. సత్ప్రవర్తనతో కొన్నేళ్ళు గడిపినవారికి ‘సెల్ఫ్ సపోర్టర్’ హోదా, అంటే సొంతంగా సేద్యమో వృత్తో చేసుకుని జీవించే అనుమతి, దక్కేది. వారు ప్రభుత్వ అనుమతితో స్త్రీ ఖైదీలను పెళ్ళాడేవారు. వేర్వేరు ప్రాంతాల, కులాల దంపతులకు పుట్టి, ఇంట హిందుస్తానీ మాట్లాడిన ఆ పిల్లలనే ‘లోకల్ బార్న్’ అన్నారు. తెలుగు ఖైదీ మనుమలకు తాత ఊరు తెలియకపోవడానికి ప్రధాన కారణం ఈ సమ్మేళనమే. ఏ ఇంట్లోనైనా బంధువుల నోట నిలిచే ఊరిపేరు, ఇంటిపేరు ఇక్కడ ఒక్క తరంలోనే జారిపోయాయి.

1942 నుండి 1945 వరకు సాగిన జపాను ఆక్రమణలో స్థానిక పత్రాలు చాలా నశించగా, మద్రాసు రాజధానిలో శిక్షపడినవారి జాడకు చెన్నైలోని రాష్ట్ర ఆర్కైవ్స్, ఢిల్లీలోని జాతీయ ఆర్కైవ్స్ ముఖ్యమైన ఆధారాలయ్యాయి. 2024లో శ్రీ విజయపురంగా పేరు మారిన అండమాన్ రాజధాని పోర్ట్ బ్లెయిర్‌లో నేడు కనిపించే తెలుగువారిలో అధికులు స్వాతంత్ర్యానంతరం ఉత్తరాంధ్ర నుండి ఉపాధికై వెళ్ళినవారు గనుక, కేవలం తెలుగు పేరును బట్టి ఖైదీ వంశాన్ని ఊహించడం తగదు. మరోవైపు, 1942కు ముందటి లోకల్ బార్న్ వర్గాన్ని ఆ ద్వీపాల వెనుకబడిన తరగతుల జాబితాలో చేర్చినందున, ఒకప్పుడు కుటుంబాలు దాచుకున్న ఆ పూర్వికుని ఉనికిని ఇప్పుడు పత్రాలతో నిరూపించుకోవలసి వస్తోంది.