పాత మోటారులో వెచ్చని ఆసనము

ఆరవ నిజాము కొలువులోని ఆల్బర్ట్ ఆబిద్ దుకాణము పేరిట ఆబిద్ రోడ్డు వెలసినది; నాంపల్లి స్టేషను 1907 నాటిది. ఈ రెంటి నడుమ తిరిగిన మోటారులలో ఆసనమునకున్న గౌరవము ఇంజనునకు లేదనిన అతిశయోక్తి కాదు. చౌమహల్లా ప్రాసాదమందలి 1912 నాటి నిజాము రోల్స్ రాయిస్‌లో వెనుక పీఠము సింహాసనమువలె ఎత్తుగా నుండును. దానికి వేడి మాత్రము లేదు. మన యెండలలో నెవరడుగుదురు?

ఆ కోరిక చలిదేశములది. 1966లో కాడిలాక్ కంపెనీ విద్యుత్తుతో వెచ్చనగు ఆసనమును కోరినవారికి అమర్చెను. ఐనను పుష్యమాసపు తెల్లవారుజామున, నడుమునొప్పి గల పెద్దవారిని స్టేషనునకు గొనిపోవు ఇంటివారికి, పాత కారులో ఆ వసతి కావలెననిపించుట వింతగాదు.

చిక్కు తీగెలలో నున్నది. 48 వాట్ల మెత్తకు 12 వోల్టుల బండిలో 4 ఆంపియర్లు చాలును; వెనుకటి 6 వోల్టుల బండిలో 8 కావలెను. రెండు ఆసనములైన 16! పాతకాలపు డైనమో, ఇంజను మెల్లగా తిరుగువేళ, దాదాపు ఏమియు నీయదు. హెడ్‌లైట్లు కూడ వెలిగినచో భారమంతయు బ్యాటరీపై బడును. గుడ్డ చుట్టిన తీగెలు ఎండి పగిలియుండును. కనుక బ్యాటరీనుండి వేరు తీగె, దానికి ఫ్యూజు, రిలే తప్పనిసరి. గద్దె తోలు విప్పుటకు ముందే ఇవి చూచుకొనవలెను. మెత్త క్రింద తీగె కాలనారంభించినను, పొగ వచ్చువరకు కూర్చున్నవారు దానిని వెచ్చదనమే యనుకొందురు.